కిరీటం తీసినా రాముడే!

2020 మార్చి నెలాఖరు. దేశమంతా తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్న రోజులు. సినిమా హాళ్ళు మూతపడ్డాయి. షూటింగులు లేవు. నాలాంటి ఫ్రీలాన్సు విలేకరికి రాయడానికి కబురు లేదు, రాసినా డబ్బిచ్చే నాథుడు లేడు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో చిక్కడిపోయాను. శనివారం పొద్దున్న కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "ఒరే, దూరదర్శన్ ఎక్కడొస్తుందో పెట్టరా. రామాయణం మళ్ళీ వేస్తున్నార్ట" అంది అమ్మమ్మ.

రెండు మూడు రోజులు గడిచాయి. తెర మీద పిల్ల రాముడు పెద్దవాడయ్యాడు. అరుణ్ గోవిల్ వచ్చారు. చిన్న చిరునవ్వు, తొణకని చూపు. ఓరగా చూద్దును కదా... అమ్మమ్మ కుర్చీలో కొంచెం ముందుకు జరిగి రెండు చేతులూ జోడించింది!

"అమ్మమ్మా, ఆయన నటుడే" అన్నాను నవ్వుతూ.

"నాకు తెలీదుట్రా?" అంది. జోడించిన చేతులు మాత్రం దించలేదు.

ఆ వారంలోనే ఒక ఫోటో దేశమంతా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. బొంబాయిలో తన ఇంట్లో, సోఫాలో, మామూలు బట్టల్లో కూర్చున్న అరుణ్ గోవిల్ టీవీలో 'రామాయణ్' చూస్తున్నారు. తెర మీదున్నదీ ఆయనే, ఎదురుగా కూర్చున్నదీ ఆయనే. తెర మీది మనిషికి మా అమ్మమ్మ దణ్ణం పెడుతోంది. మరి సోఫాలోని మనిషి సంగతేమిటి? ముప్పై రెండు మూడేళ్ళ పాటు ఆయన ఏం చేశారు, ఎక్కడున్నారు? ఈ వ్యాసం ఆ సోఫాలోని మనిషి గురించి.

మీరట్ కుర్రాడు

అరుణ్ గోవిల్‌ది ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. నాన్నగారికి కొడుకు ప్రభుత్వోద్యోగం చేస్తే చాలు. కొడుక్కి మాత్రం పదిమందీ గుర్తుపెట్టుకునే పనేదో చెయ్యాలని. ఆ కోరిక ఎంతలా తీరిందో, తీరి ఎంత ఇబ్బంది పెట్టిందో ముందు ముందు మీకే తెలుస్తుంది! 1970ల నడుమ అన్నగారి వ్యాపారంలో సాయానికని బొంబాయి వెళ్ళారు. వ్యాపారం మీద మనసు నిలవలేదు. నటనవైపు తిరిగారు.

ఇంట్లోనే సినిమా గాలి ఉంది. వదినగారు ఎవరనుకున్నారు? తబస్సుమ్! బాలనటిగా మొదలుపెట్టి, దూరదర్శన్‌లో 'ఫూల్ ఖిలే హై గుల్షన్ గుల్షన్' పేరుతో సినీతారలతో కబుర్లు చెప్పించిన తబస్సుమ్. 1972లో మొదలైన ఆ కార్యక్రమం ఇరవై ఏళ్ళు దాటి నడిచింది. 2022లో ఆమె కన్నుమూశారు. అంటే టీవీ పెట్టె ఈ దేశంలో ఇంకా బడికి కూడా వెళ్ళని వయసులోనే దానికీ గోవిల్ ఇంటికీ చుట్టరికం కలిసిందన్నమాట.

మొదటి అవకాశం రాజశ్రీ వాళ్ళది. 1977లో 'పహేలీ'. రెండేళ్ళకు 'సావన్ కో ఆనే దో'. ఈ రెండో బొమ్మ బాగా ఆడింది. ఏసుదాసు పాటలు ఊళ్ళన్నీ తిరిగాయి. అందులో గోవిల్ పక్కన నటించింది మన విశాఖపట్నం అమ్మాయి జరీనా వహాబ్. ఆ సినిమా ఇప్పుడు చూసినా తెలుస్తుంది. గోవిల్ అందగాడు, నెమ్మదస్తుడు, పక్కింటి అబ్బాయిలా ఉంటాడు. కాని అది అమితాబ్ బచ్చన్ కోపం రాజ్యమేలుతున్న కాలం. నెమ్మదస్తులకు గిరాకీ తక్కువ.

నాలుగైదేళ్ళు గడిచేసరికి హీరో వేషాలు పలచబడ్డాయి. మన రాఘవేంద్రరావు 'ఊరుకి మొనగాడు' సినిమాను 1983లో హిందీలో 'హిమ్మత్‌వాలా'గా తీశారు కదా. జితేంద్ర, శ్రీదేవి డాన్సులు చూడ్డానికి జనం విరగబడ్డ ఆ సినిమాలో గోవింద్ అనే చిన్న పాత్ర వేసింది అరుణ్ గోవిలే. గుర్తుందా? నాకూ లేదు. ఈ వ్యాసం కోసం మళ్ళీ వేసుకుని చూస్తేగాని పోల్చుకోలేకపోయాను.

వేతాళుడి భుజం మీంచి...

రామానంద సాగర్ అప్పటికే పెద్ద సినిమా మనిషి. 'ఆర్జూ', 'ఆంఖే' లాంటి హిట్లు తీసినవారు. ఆయన బుల్లితెర మీదికి దిగి 1985లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీశారు. విక్రమార్కుడు అరుణ్ గోవిల్. చందమామ చదువుకున్న తెలుగు పిల్లలకు ఆ కథ వేరే చెప్పాలా? శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవడమే రాజు పని. మాట్లాడేదంతా భుజం మీది వేతాళుడే.

నన్నడిగితే గోవిల్‌ను రాముణ్ణి చేసింది ఆ నడకే. మాట్లాడకుండా తెరను పట్టి ఉంచడం అక్కడే అలవడింది. తమాషా ఏమిటంటే, తర్వాత సీత అయిన దీపికా చిఖలియా, లక్ష్మణుడైన సునీల్ లహ్రీ, హనుమంతుడైన దారాసింగ్, రావణుడైన అరవింద్ త్రివేది, అందరూ ఆ వేతాళ కథల్లో ఏదో ఒక వేషంలో కనబడినవాళ్ళే. అయోధ్య, లంక రెండూ ముందు అక్కడే చేరాయి.

'రామాయణ్' మొదలవుతోందని తెలిశాక గోవిల్ తానే వెళ్ళి రాముడి వేషం అడిగారు. సాగర్ ఒప్పుకోలేదు! భరతుడో లక్ష్మణుడో వెయ్యమన్నారు. వేస్తే రాముడే వేస్తానన్నారు గోవిల్. సరే, పొమ్మన్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ కబురొచ్చింది, నీలాంటి రాముడు దొరకలేదని. వేషం కట్టి చూసుకుంటే మళ్ళీ చిక్కు. కిరీటం ఉంది, నగలున్నాయి, విల్లుంది... రాముడు మాత్రం లేడు. ఏం చెయ్యాలి? అప్పుడు పెదవి మీదికొచ్చింది ఆ చిన్న నవ్వు. దాంతో సరిపోయింది. ఇవన్నీ గోవిల్ ఇంటర్వ్యూల్లో చెప్పుకొన్న సంగతులే.

ఈ నవ్వు గురించి ఇంకొంచెం చెప్పాలి. దాన్ని చూసి "ఎప్పుడూ ఒకటే మొహం" అని వెక్కిరించినవాళ్ళున్నారు. నేనూ వెక్కిరించాను, కాలేజీ రోజుల్లో. 2020లో వరసగా చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. పట్టాభిషేకమని నిద్రలేచినవాడికి అడవికి పొమ్మని కబురొచ్చే ఘట్టం చూడండి. కైక మాట్లాడుతున్నంతసేపూ ఆ నవ్వు పోదు. కాని మొదట్లో ఉన్న నవ్వూ చివర్న ఉన్న నవ్వూ ఒకటి కాదు. మధ్యలో కన్ను మారింది. లక్ష్మణుడు మూర్ఛపోయిన చోట ఆ నవ్వు పూర్తిగా ఊడిపోతుంది, అన్నాళ్ళూ దాన్ని దాచి ఉంచిన దెబ్బ అక్కడ తగులుతుంది. వెండితెర మీదైతే ఇంత చిన్న మార్పు కొట్టుకుపోయేదేమో. ఇంట్లో రెండు గజాల దూరంలో కూర్చుని చూసే పెట్టెకు అది చాలు. పైగా సాగర్ కెమెరా నిమిషానికోసారి మొహం మీదికి దూసుకొచ్చేది. దాచుకోవడానికి చోటే లేదు!

ఆదివారం తొమ్మిదిన్నర

1987 జనవరి 25. రిపబ్లిక్ దినానికి ముందురోజు. ఆదివారం ఉదయం 'రామాయణ్' మొదలైంది. షూటింగంతా బొంబాయికి ఉత్తరాన, గుజరాత్ సరిహద్దు దాటగానే వచ్చే ఉంబర్‌గావ్‌లో. సంగీతం రవీంద్ర జైన్. 52 వారాలనుకున్నది జనం వదలకపోవడంతో 78 వారాలకు సాగి, 1988 జూలై 31న ముగిసింది. మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. సీరియల్ మొదట్లో వేసే ఆధార గ్రంథాల పేర్లలో వాల్మీకి, తులసీదాసు, కంబరు పక్కనే మన రంగనాథ రామాయణం కూడా ఉంటుంది.

నేనప్పటికి పుట్టలేదు. మా అమ్మ చెప్పగా విన్నదే. వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, చెక్క తలుపుల ఈసీ టీవీ. తలుపులు పక్కకు జరిపితే బొమ్మ. మేడ మీద పొడుగాటి యాంటెన్నా. దాన్ని తిప్పడానికి ఒక కుర్రాడు ఎప్పుడూ పైనే. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడో?" "ఆఁ ఆఁ... అక్కడే ఉంచు!" ఎనిమిదిన్నరకే తలంట్లు పూర్తయ్యేవి. తొమ్మిదింటికి చాపలు పడేవి. టీవీకి బొట్టు పెట్టి, పూలదండ వేసి, అగరొత్తులు వెలిగించేవారు. ఆ ఇంటావిడ చెప్పులు గుమ్మం బయటే విడిచి రమ్మనేది. మామూలు రోజుల్లో అదే గదిలోకి అందరూ చెప్పులతోనే వచ్చేవారట!

హిందీ అర్థమయ్యేదా అని అడిగాను అమ్మను. "రాముడి కథకి హిందీ రావాలేమిట్రా? ఎవరు ఎవర్ని ఏమంటారో మాకు ముందే తెలుసుగా" అంది. ఒకసారి సరిగ్గా జటాయువు రెక్క తెగే వారం కరెంటు పోయిందట. మగవాళ్ళంతా ఊరి చివర సబ్‌స్టేషన్ మీదికి వెళ్ళారు. అక్కడి లైన్‌మన్ చేతులు జోడించి, "బాబూ, నేనూ అదే చూస్తున్నానండీ" అన్నాడట. అమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ లైన్‌మన్ మాట కొంచెం పొడుగవుతుంటుంది. మీరు చూసి పుచ్చుకోండి.

సీరియల్ ముగిశాక ఇంకో వింత. కథ పట్టాభిషేకంతో ఆపేశారు. ఉత్తర కాండ లేదు, వాల్మీకి ఆశ్రమం లేదు, లవకుశులు లేరు. పంజాబ్‌లోని జలంధర్‌లో, తర్వాత మరికొన్ని ఊళ్ళలో, వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచే పారిశుధ్య కార్మికులు చీపుళ్ళు పక్కన పడేసి సమ్మె కట్టారు. కథ పూర్తిగా చెప్పమని! ప్రభుత్వం దిగొచ్చింది. సాగర్ మళ్ళీ సెట్టు వేశారు. గోవిల్ మళ్ళీ కిరీటం పెట్టుకున్నారు.

సిగరెట్టు కథ

ఇక్కడి నుంచే అసలు చిక్కు.

గోవిల్ అప్పట్లో సిగరెట్లు తాగేవారు. దక్షిణాదిలో ఒక సినిమా షూటింగుకు వచ్చి, భోజనాల వేళ ఎవరికీ కనబడకుండా ఒక తెర చాటుకు వెళ్ళి సిగరెట్టు వెలిగించారు. ఎవరో ఒకాయన వచ్చి చూశాడు. చూసి తన భాషలో కోపంగా ఏదేదో అనేసి వెళ్ళిపోయాడు. గోవిల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాళ్ళను అడిగితే చెప్పారు: "మిమ్మల్ని మేం రాముడనుకుంటుంటే, మీరిక్కడ సిగరెట్టు తాగుతున్నారా" అంటున్నాడని. ఆ రోజుతో సిగరెట్టు మానేశానని ఆయనే చెబుతారు.

విన్నవాళ్ళందరూ "ఆహా, ఎంత మంచి మార్పు" అంటారు. మంచిదే, ఊపిరితిత్తులకు ఇంకా మంచిది. కాని ఒక్క క్షణం ఆ తెర చాటున నిలబడి ఆలోచించండి. నటుడికి వేషం విప్పాక దొరికే అయిదు నిమిషాలవి. మేకప్పు కింద చెమట పట్టిన మనిషి తన మానాన తాను నిలబడే చోటు. అదీ పోయింది. ఇక మీదట తినే తిండి, నడిచే నడక, కోపం, సరదా అన్నీ ఎవరో ఒకరు చూసి లెక్క కడతారు. సంపాదించిన పేరుకు ఇంత వడ్డీనా!

పని సంగతి మరీ దారుణం. నిర్మాతల దగ్గరికి వెళితే ఎంతో గౌరవం. లేచి నిలబడేవారు, దణ్ణాలు పెట్టేవారు. వేషం మాత్రం ఇచ్చేవారు కాదు. రాముడి ముద్ర మరీ బలంగా ఉంది, మిమ్మల్ని ఇంకో పాత్రలో జనం ఒప్పుకోరు, చిన్న వేషమిస్తే మమ్మల్ని తిడతారు. ఇదీ వరస. హీరోయిన్‌తో చెట్టు చుట్టూ పాట పాడితే ఎవరైనా చూస్తారా? విలన్‌గా వేస్తే సరేసరి. మొత్తానికి రాముడికి పద్నాలుగేళ్ళకు గడువు తీరింది గాని, ఆ వేషం వేసినాయన వనవాసానికి గడువు ఎవరూ చెప్పలేదు.

మరి మన ఎన్టీఆర్?

"అదేమిటండీ, మన రామారావుగారు రాముడు వెయ్యలేదా? కృష్ణుడు వెయ్యలేదా?" అంటారు మీరు. అనాలి కూడా. నేనూ చాలా రోజులు అదే ఆలోచించాను.

ఎన్టీఆర్ 1957లో 'మాయాబజార్' కృష్ణుడు. మరుసటి ఏడాదే 'భూకైలాస్'లో రావణుడు! 1961లో 'సీతారామ కళ్యాణం' తానే తీసి, రాముడి వేషం హరనాథ్‌కిచ్చి తాను మళ్ళీ రావణుడు కట్టారు. 1963లో 'లవకుశ'తో ఇంటింటి రాముడయ్యారు. 1977లో 'దాన వీర శూర కర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. అదే ఏడు 'అడవి రాముడు'లో జయప్రద, జయసుధలతో స్టెప్పులేశారు. జనం ఒక్క మాటన్నారా? ఈలలు వేశారు!

మరి అక్కడ చెల్లింది ఇక్కడెందుకు చెల్లలేదు? ఎన్టీఆర్ గొప్ప, గోవిల్ తక్కువ అనేస్తే తేలిగ్గా తెగిపోతుంది. నేనలా అనను. తెలుగువాడు పౌరాణికాన్ని నాటకాల పందిట్లో చూసి పెరిగాడు. నిన్న కృష్ణుడు కట్టినాయన ఇవాళ అర్జునుడు కడతాడు, రేపు పొద్దున్న బజార్లో కూరగాయలు బేరమాడతాడు. వేషం వేరు, మనిషి వేరు అన్న ఎరుక మన ప్రేక్షకుడి ఒంట్లోనే ఉంది. పైగా ఎన్టీఆర్ రాముడిగా కనబడేసరికి జనం ఆయన్ని దొంగగా, రైతుగా, పల్లెటూరి బైతుగా చూసి ఉన్నారు. రాముడు ఆయనకు అనేక వేషాల్లో ఒకటి. గోవిల్‌కు అలా కాదు. దేశంలో కోట్లమంది ఆయన్ని మొట్టమొదట చూసింది రాముడిగానే.

రెండో కారణం ఆ పెట్టె. సినిమాకు మనం టిక్కెట్టు కొనుక్కుని వెళతాం, మూడు గంటలు చూసి బయటికొచ్చి సోడా తాగుతాం. టీవీ అలా కాదు. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం అదే వేళకు అదే మనిషి మన ఇంటికొచ్చాడు. తలంటు పోసుకుని కూర్చున్నాం. దండ వేశాం. చూడ్డానికి ఇంకో చానలు కూడా లేదు. అది సినిమా చూడ్డంలా లేదు, వ్రతం చెయ్యడంలా ఉంది. వ్రతంలో పీట మీద కూర్చోబెట్టిన బొమ్మను మర్నాడు డాన్సు చెయ్యమంటే ఎవరు ఒప్పుకుంటారు?

సీత, రావణుడు పార్లమెంటుకు

ఆ పూజ విలువ రాజకీయాలవాళ్ళు త్వరగానే పసిగట్టారు. 1988లో అలహాబాద్ ఉప ఎన్నికలో వి.పి.సింగ్ మీద ప్రచారానికి కాంగ్రెస్ గోవిల్‌ను తీసుకెళ్ళింది. రాముడొచ్చినా ఓట్లు రాలేదు, వి.పి.సింగే గెలిచారు. 1991లో భారతీయ జనతా పార్టీ తరఫున బరోడా నుంచి దీపికా చిఖలియా, సాబర్‌కాంఠా నుంచి అరవింద్ త్రివేది గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. సీతమ్మవారూ రావణుడూ ఒకే పార్టీ బెంచీల మీద! రాముడు మాత్రం బొంబాయిలో వేషాల కోసం చూస్తూ ఉండిపోయారు.

వేషాలు రాలేదని కాదు. వచ్చినవన్నీ దేవుడో, దేవుడి పక్కింటాయనో. 1989లో మన దాసరి నారాయణరావు దూరదర్శన్‌కు 'విశ్వామిత్ర' తీశారు. ముఖేష్ ఖన్నా విశ్వామిత్రుడు, మన భానుప్రియ మేనక. అందులో గోవిల్ హరిశ్చంద్రుడు. ఇంకో సత్యసంధుడు, ఇంకో కష్టజీవి! 1990ల్లో బుద్ధుడు. జపాన్ వాళ్ళతో కలిసి తీసిన రామాయణం కార్టూన్ బొమ్మకు హిందీలో రాముడి గొంతు. మొహం కనబడకపోయినా రాముడేనన్నమాట.

అన్నిటికంటే నా మనసుకు తగిలింది 1997 నాటి 'లవ్ కుశ్'. తీసింది మన విక్టరీ మధుసూదనరావు. జితేంద్ర రాముడు, జయప్రద సీత, దారాసింగ్ మామూలుగా హనుమంతుడు. అరుణ్ గోవిల్? లక్ష్మణుడు! పదేళ్ళ కిందట సాగర్ ముందు నిలబడి, వేస్తే రాముడే వేస్తానని లక్ష్మణుడి వేషం కాదన్న మనిషి. ఆ సినిమా వెతికి పట్టుకుని చూశాను. పెద్ద గొప్పగా లేదు. కాని వదినను అడవిలో దింపి వచ్చే తమ్ముడిగా గోవిల్ మొహంలో ఒక అలసట ఉంది. అది లక్ష్మణుడిదో, తనదో నేను చెప్పలేను. మొత్తం సినిమాలో నిజంగా నటించింది ఆయనొక్కడేననిపించింది. జనం మాత్రం పట్టించుకోలేదు.

తర్వాతి ఇరవై ఏళ్ళు గబగబా దాటేయవచ్చు. చిన్నా చితకా సీరియల్ వేషాలు, స్టేజీ మీద రాముడు, దసరా పందిళ్ళు, సన్మానాలు. 2005లో సాగర్, 2012లో దారాసింగ్, 2015లో రవీంద్ర జైన్, 2021లో అరవింద్ త్రివేది... ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

మళ్ళీ ఆ పెట్టె

2020లో మళ్ళీ వేసినప్పుడు ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్లమంది చూశారని దూరదర్శన్ చాటింది. ఆ లెక్కల మీద వాదాలున్నాయి, వాటి జోలికి నేను పోను. మా వీధిలో రాత్రి తొమ్మిదింటికి ప్రతి కిటికీలోంచీ అదే పాట వినబడిందన్నది మాత్రం నా చెవులతో విన్నాను. ఇంతమంది చూస్తున్న ఆ రోజుల్లోనే ఎవరో అడిగితే గోవిల్ బహిరంగంగానే చెప్పారు, ఏ రాష్ట్ర ప్రభుత్వం గాని కేంద్ర ప్రభుత్వం గాని తనకు ఇంతవరకు ఏ సత్కారమూ చెయ్యలేదని. నిష్ఠూరంగా లేదు ఆ మాట, లెక్క చెప్పినట్టుంది.

2022లో మహారాష్ట్రలోని ఔరంగాబాద్ విమానాశ్రయంలో ఒకావిడ ఆయన కాళ్ళ మీద పడింది. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. నేను నాలుగుసార్లు చూశాను, ఆమె కోసం కాదు, ఆయన కోసం. ఏం చెయ్యాలో తెలియక చేతులెక్కడ పెట్టుకోవాలో అర్థంకాక నిలబడ్డారు. లేపుదామని వంగారు, ఆగారు. నటుడికి స్క్రిప్టు లేని చోటు అది. చివరకు ఆవిడకు శాలువా కప్పి పంపించారు.

తర్వాత రోజులు కొంచెం మారాయి. 2023లో 'ఓ ఎమ్ జీ 2'లో బడి ప్రిన్సిపాలు వేశారు. అందులో ఆయన కథానాయకుడికి అడ్డం తిరిగే మనిషి, పిల్లవాణ్ణి బడి నుంచి వెళ్ళగొట్టే పెద్దాయన. రాముణ్ణి కాసేపు తిట్టుకోవచ్చు! జనం తిట్టుకున్నారు, ఎవరూ గొడవ చెయ్యలేదు. 2024లో 'ఆర్టికల్ 370'లో ప్రధానమంత్రి వేశారు. అదే ఏడాది జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకు ఆయన, దీపిక, సునీల్ లహ్రీ ముగ్గురూ వెళ్ళారు. జూన్‌లో పుట్టిన ఊరు మీరట్ నుంచి భారతీయ జనతా పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు, పదివేల పైచిలుకు ఓట్లతో. సీత, లక్ష్మణుడు ప్రచారానికొచ్చి బండి ఎక్కి ఊరేగారు. ఇంత చేసినా మెజారిటీ అంతేనా అనుకున్నాను. దణ్ణం వేరు, ఓటు వేరు కాబోలు. ఆయన చట్టసభ పనిని తూచడం ఈ సినిమా పేజీ పని కాదు.

నాకు ఆ ఎన్నిక కంటే అదే ఏడు ఏప్రిల్‌లో వచ్చిన ఒక దొంగచాటు ఫోటో ఎక్కువ ఆసక్తి కలిగించింది. నితేష్ తివారీ తీస్తున్న కొత్త రామాయణం సెట్టు మీద ఎవరో తీసింది. రణబీర్ కపూర్ రాముడు, మన తెలుగు కుర్రకారు ఇష్టపడే సాయిపల్లవి సీత. ఆ ఫోటోలో రాజుగారి దుస్తుల్లో, నెరిసిన గడ్డంతో, అరుణ్ గోవిల్ దశరథుడి వేషంలో ఉన్నారు. రాముడి కోసం ఏడ్చి చనిపోయే పాత్ర.

ఫోను అమ్మమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. వేలితో తెర మీద ఆ మొహం పెద్దది చెయ్యమంది. చేశాను.

"మన రాముడేగా?" అంది.

"అవునమ్మమ్మా. ఇప్పుడు దశరథుడు వేస్తున్నాడు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ గడ్డం తీస్తే రాముడే" అని ఫోను నా చేతికిచ్చేసింది.